ఆరు గురువారాలు

ఆ వర్షాకాలంలో ఆరు గురువారాలు నేను రోగి వేషం వేశాను. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ణి. స్కూలు వార్షికోత్సవాల్లో కూడా ఎప్పుడూ రంగు పూసుకోలేదు.

నా భార్య పోయి అప్పటికి రెండు నెలలు. మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు పొద్దున ఎడమ పిక్క లాగుతోందంది. ఐదో రోజు పొద్దున ఊపిరి అందలేదు. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని తర్వాత చెప్పారు.

మా అమ్మాయి అదే ఆసుపత్రి కాలేజీలో నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఒక సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే వచ్చి, వాటి మీద ఒక కాగితం పెట్టింది.

"కోర్సు మానేస్తున్నాను నాన్నా. తండ్రి సంతకం కావాలట."

"ఎందుకమ్మా?"

"కింద గీత ఉంది చూడండి. అక్కడ."

ఎందుకో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి రెండు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ దాచను.

నాలుగో రోజు పొద్దున, డ్యూటీకి వెళ్లేముందు, అమ్మాయి యూనిఫారంలోనే వాళ్లమ్మను చూడడానికి వచ్చింది. దుప్పటి తొలగించి పిక్క మీద చెయ్యి వేసింది. రెండో పిక్క మీద కూడా వేసి చూసింది.

"ఇది వేడిగా ఉంది. కొంచెం వాచింది కూడా. సిస్టర్‌కి చెప్తానమ్మా."

"నీకు పుస్తకాలు చదివి చదివి అన్నీ అనుమానాలే చిన్నీ," అంది నా భార్య. "కదలకుండా పడుకున్నాను కదా, పట్టేసి ఉంటుంది. ఆ నర్సు పిల్లలు పొద్దుట్నుంచీ కాలు నిలవకుండా తిరుగుతున్నారు. వాళ్లనెందుకు పిలవడం?"

ఇంతలో సర్జన్ గారు రౌండ్స్‌కి వచ్చారు. వెనకాల ఆరుగురు. అమ్మాయి వెళ్లి ఆ వరస చివర నిలబడింది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నానండీ," అంది నా భార్య. నూట రెండు జ్వరంలో కూడా ఆవిడ జవాబు అదే.

అమ్మాయి నోరు తెరిచింది. మాట్లాడేముందు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎక్కువగా కాదు. తరగతిలో ఒకరు చెబుతుండగా ఇంకొకరు లేవబోతే ఊపుతాను, అలాగ. పెద్ద డాక్టరు ముందు ఒక విద్యార్థిని తన తల్లి కోసం చొరవ తీసుకుంటే బాగుండదనుకున్నాను. రౌండ్స్ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అమ్మాయి వేరే వార్డులో డ్యూటీకి వెళ్లిపోయింది. సాయంత్రం మళ్లీ వచ్చి, సిస్టర్‌ని పిలుస్తానంది. వాళ్లమ్మ అప్పుడే నిద్రపోయింది. లేపొద్దన్నదీ నేనే.

సంతకం పెట్టకుండా ఆ కాగితం అలమరలో పెట్టాను. అమ్మాయి అడగలేదు. మాకు మాటలు తగ్గిపోయాయి. అన్నం పెట్టాను, తాళం పక్కింట్లో ఇచ్చాను, గొడుగు తీసుకెళ్లండి. ఇంట్లో ఆ పాటి మాటలే.

ఆ తర్వాతి ఆదివారం, నా భార్య ఉన్న వార్డు సిస్టర్ మా ఇంటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని కూర్చుంది.

"నన్ను ఇప్పుడు ట్రైనింగ్‌కి మార్చారు మాస్టారూ. నేనే అడిగి మార్పించుకున్నాను," అంది. "ఆ రోజు నా రిజిస్టర్‌లో 'పేషెంట్ బాగున్నారు, నొప్పి లేదు' అని రాసి ఉంది. నేనే రాశాను. ఆవిడ అలాగే చెప్పారు మరి. అదే రోజు ఫిజియోథెరపీ కుర్రాడు తన కార్డులో 'ఎడమ పిక్క నొప్పి' అని రాసుకున్నాడు. నా రిజిస్టర్ మంచానికి తలవైపు ఉంటుంది. అతని కార్డు కాళ్లవైపు వేలాడుతుంది. డాక్టర్ల ఫైలు టేబుల్ మీద. ఎవరిది వాళ్లం రాసుకున్నాం. ఇంకొకరిది తెరిచి చూడడం మాకు అలవాటు లేదు. తెరిస్తే వాళ్లకి కోపం కూడాను."

నా భార్య ఆ ఫిజియో కుర్రాడికి కూడా చెప్పిందన్నమాట. అడిగి అడిగి రాబట్టి ఉంటాడు. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"ఆరడుగుల మంచం మాస్టారూ," అంది సిస్టర్. "ఆరడుగులు నడవలేకపోయాం."

ఆవిడ వచ్చిన పని ఇది. డాక్టరు, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ చదివే పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, రోగితో ఎలా మాట్లాడాలో, ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో నేర్పబోతున్నారు. వారానికొక మధ్యాహ్నం, ఆరు వారాలు. రోగిలా కూర్చోవడానికి బయటి మనిషి కావాలి.

"మీరే ఎందుకంటే, మా వాళ్లయితే రోగి ఏం చెప్పాలో ముందే తెలిసినట్టు మాట్లాడతారు. మీరు కాదంటే నేనేమీ అనుకోను."

లోపలి గదిలో అమ్మాయి వింటోందని నాకు తెలుసు. మూడో సంవత్సరం వాళ్లందరికీ ఆ ట్రైనింగ్ తప్పనిసరి అని సిస్టర్ అంతకుముందే అంది.

సిస్టర్ వెళ్లాక అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. "మీరు వెళ్తారా?"

"వెళ్తాను. నువ్వు కూడా రా. ఆరు గురువారాలు. అయ్యాక సంతకం పెడతాను. ఒక్క మాట కూడా అడ్డు చెప్పను."

"నిజంగా పెడతారా?"

"పెడతాను."

"సరే," అని లోపలికి వెళ్లింది. అంత పొడుగు సంభాషణ మా మధ్య జరిగి రెండు నెలలైంది.

*

మూడో అంతస్తులో నాలుగు మంచాలున్న గది. నిజం వార్డులాగే ఉంది, మందుల వాసన మాత్రం లేదు. ఒక మంచం మీద నిలువెత్తు ప్లాస్టిక్ బొమ్మ పడుకుని ఉంది. పిల్లలు దాన్ని బావగారు అంటారు. ఎన్ని సూదులు గుచ్చినా పల్లెత్తు మాట అనడు కాబట్టి ఆ మర్యాద అట.

మొదటి రోజు ఎవరి కోర్సు వాళ్లు ఒక మూలకు చేరారు. ఫార్మసీ అమ్మాయిలు ఇద్దరే, తలుపు దగ్గర నిలబడ్డారు. సిస్టర్ అందరి చేతా కోట్లు విప్పించి, కుప్పగా పోసి, చేతికందినవి తొడుక్కోమంది. డాక్టరు చదివే ఒక కుర్రాడు చాలా పొడుగు. అందరూ నిచ్చెన అంటారు. అతనికి ఫార్మసీ అమ్మాయి కోటు వచ్చింది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"సిస్టర్, ఇందులో ఊపిరాడట్లేదు!"

"మంచిది. రోగి ఎలా ఉంటాడో తెలుస్తుంది. ఇప్పుడు మాస్టారి దగ్గరికి వెళ్లి ఏం ఇబ్బందో అడుగు."

నాకు ఒక కాగితం ఇచ్చారు. నాలుగు రోజులుగా కడుపునొప్పి, ఆకలి లేదు, మందుల పేర్లు గుర్తులేవు. నిచ్చెన వచ్చి చేతిలోని కాగితం చూస్తూనే నిలబడ్డాడు.

"నొప్పి పదికి ఎంత ఉందండీ?"

"మూడున్నర," అన్నాను. "మా స్కూల్లో అయితే అత్తెసరు."

గదంతా నవ్వింది. నిచ్చెన కూడా నవ్వి, మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నవ్విందో లేదో నేను చూడలేదు.

సిస్టర్ మెడలో ఒక స్టాప్‌వాచ్ ఉండేది. రోగి మాట మొదలుపెట్టిన దగ్గర్నుంచి అవతలివాళ్లు అడ్డుపడే దాకా ఎన్ని సెకన్లో చూసి బోర్డు మీద రాసేది. మొదటి రోజు నిచ్చెన పేరు పక్కన పదకొండు అని రాసింది.

"పదకొండేనా? నేను చాలాసేపు విన్నాను సిస్టర్!"

"విన్నట్టు నీకు అనిపించింది నాయనా."

రెండో గురువారం మంచం మీద పడుకోబెట్టారు. చెప్పులు విప్పుతుంటే పట్టీల అచ్చు పాదాల మీద లోతుగా పడి కనిపించింది. ఆ మధ్య చెప్పులు బిగుతవుతున్నాయి. ఆ రోజు నాకిచ్చిన కాగితంలో గుండెనొప్పి ఉంది, కాళ్ల సంగతి లేదు. కాబట్టి చెప్పలేదు. వాళ్లూ చూడలేదు.

మూడో గురువారం నుంచి సిస్టర్ ఒక పద్ధతి నేర్పింది. ఏదైనా తేడాగా కనిపిస్తే, మీరు ఎంత చిన్నవాళ్లయినా, ఎదుట ఎంత పెద్దవాళ్లున్నా, చెప్పాలి. వినకపోతే అదే మాట మళ్లీ చెప్పాలి. అప్పటికీ వినకపోతే 'నాకు భయంగా ఉంది, ఆగండి' అనాలి.

"భయం అంటే నవ్వరా సిస్టర్?" అంది ఒక ఫార్మసీ అమ్మాయి.

"నవ్వనీ. నవ్వుతూ అయినా ఆగుతారుగా."

ప్రతి గురువారం చివర్లో అందరూ గుండ్రంగా కూర్చునేవారు. ఒక్కొక్కరూ తాము ఇంకోలా చేయాల్సింది ఏమిటో ఒక్క మాటలో చెప్పాలి. నిచ్చెన, "మనిషిని చూడాల్సింది, కాగితాన్ని చూశాను," అన్నాడు. ఫిజియో అమ్మాయి, "నాకు తెలిసింది నా దగ్గరే ఉంచుకున్నాను," అంది. మా అమ్మాయి ప్రతిసారీ "ఏమీ లేదు," అనేది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. సిస్టర్ మా ఇద్దర్నీ చూసి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది.

ఇంటికి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఆమె ముందు సీట్లో, నేను వెనక.

*

నాలుగో వారం, ఒక సోమవారం, ఏడో తరగతిలో భిన్నాలు చెబుతున్నాను. బయట వాన జోరుగా ఉంది. ముందు బెంచీ పిల్ల జవాబు చెబుతుంటే, చివరి బెంచీలో ఒక పిల్ల సగం లేచింది. నా తల దానంతట అది అడ్డంగా ఊగింది. ఆ పిల్ల కూర్చుంది.

ముందు బెంచీ పిల్ల జవాబు పూర్తి చేసింది. నేను బోర్డు వైపు తిరిగాను. సుద్దముక్క పట్టుకున్నాను గాని రాయలేకపోయాను. వెనక్కి తిరిగి, "ఏమిటమ్మా, ఇందాక ఏదో చెప్పబోయావు?" అన్నాను.

ఆ పిల్ల భయంగా లేచింది. "మాస్టారూ... మీ వెనక కిటికీలోంచి జల్లు కొడుతోంది. పుస్తకాలు తడుస్తున్నాయి."

నా టేబుల్ మీద రెండు సెక్షన్ల నోటుపుస్తకాలు. పైవి మూడు నానిపోయి ఉన్నాయి. సిరా కారి అంకెలు కలిసిపోయాయి.

"ఎంతసేపట్నుంచి?"

"చాలాసేపట్నుంచి మాస్టారూ."

"మరి ఇంకెవరూ చెప్పలేదేం?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేను వాళ్లకు నేర్పిందే అది. నా తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఇరవై ఎనిమిదేళ్లుగా అందరూ మెచ్చుకునేవారు.

కిటికీ మూసి, తడిసిన పుస్తకాలను బెంచీల మీద పరిచాం. ఆ పిల్లకు థాంక్స్ చెప్పాను. ఆ మాట నా నోట విని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

*

ఆఖరి గురువారం పొద్దున అలమరలోంచి కాగితం తీసి సంతకం పెట్టాను. అమ్మాయి స్నానం చేసి వచ్చేసరికి దాన్ని ఆమె సంచీ మీద పెట్టాను. కాగితం చూసింది. చూసి, మడిచి, సంచీలో పెట్టుకుంది.

"ఇంకా ఒక గురువారం ఉందిగా," అంది.

"ఉంది. మాట తప్పుతానేమోనని నీకు అనుమానం ఉండకూడదని."

ఆసుపత్రికి వెళ్లగానే సిస్టర్ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఈ రోజు పెట్టింది... ఎముక ఆపరేషనయిన నాలుగో రోజు మాస్టారూ. విద్యార్థిని కాలు చూస్తుంది. రౌండ్స్ వస్తుంది. మీరు వద్దంటే మార్చేస్తాను. వేరేది రాసే ఉంచాను."

"వద్దు. ఉండనివ్వండి."

"మీరు బావగారికి భర్తగా కూర్చోవాలి," అని, తను అన్నది తనకే వినిపించి నవ్వబోయి, ఆపుకుంది. నేనే నవ్వాను. అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

విద్యార్థిని వేషం ఎవరు వేస్తారని సిస్టర్ అడిగింది. ఫిజియో అమ్మాయి చెయ్యెత్తబోయింది.

"నేను చేస్తాను," అంది మా అమ్మాయి కిటికీ దగ్గర్నుంచి.

సిస్టర్ నా వైపు చూడలేదు. "రా," అంది.

బొమ్మ మీద దుప్పటి కప్పారు. ఫిజియో అమ్మాయి మంచం వెనక కూర్చుని రోగి గొంతు ఇవ్వాలి. నేను స్టూలు మీద కూర్చున్నాను. స్టూలు కూడా నా భార్య మంచం పక్కన నేను కూర్చున్నలాంటిదే, ఒక కాలు పొట్టి. అమ్మాయి వచ్చి దుప్పటి తొలగించి ప్లాస్టిక్ పిక్క మీద చెయ్యి వేసింది. రెండో దాని మీదా వేసింది. ఇంతలో నిచ్చెన వచ్చాడు. వెనకాల నలుగురు. ఆగొద్దు, తొందరగా వెళ్లిపోవాలి అని సిస్టర్ అతనికి ముందే చెప్పి ఉంచింది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నానండీ," అంది మంచం వెనక గొంతు.

వరస చివర నిలబడ్డ అమ్మాయి నోరు తెరిచింది. నా వైపు చూసింది.

నాకిచ్చిన కాగితంలో ఈ భాగం లేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ రోజు ఊపినంతే.

గదిలో మిగతావాళ్లకు ఏమీ తెలియదు. నిచ్చెన పక్క మంచం వైపు ఒక అడుగు వేశాడు.

"సార్, ఈవిడ ఎడమ పిక్క వేడిగా ఉంది. వాపు ఉంది," అంది అమ్మాయి, నా మీంచి చూపు తిప్పకుండా.

"రాసి పెట్టండి, తర్వాత చూద్దాం."

"సార్, ఎడమ పిక్క వేడిగా ఉంది. నిన్న లేదు."

"చెప్పాను కదమ్మా—"

"నాకు భయంగా ఉంది. ఆగండి."

గొంతు పెద్దది చేయలేదు. నిచ్చెన ఆగిపోయాడు. వేషం మరిచిపోయాడనుకుంటాను. వెనక్కి వచ్చి, వంగి, ఆ ప్లాస్టిక్ కాలి మీద చెయ్యి పెట్టాడు. "స్కానింగ్‌కి పంపుదాం. ఇప్పుడే," అన్నాడు. ఫార్మసీ అమ్మాయి రక్తం పలచబడే మందు సంగతి ఎత్తింది. మంచం వెనక్కి ఒకరు, ముందుకు ఒకరు చేరారు. కాళ్లవైపు కార్డు తీసి తలవైపు రిజిస్టర్ పక్కన పెట్టారు.

సిస్టర్ స్టాప్‌వాచ్ నొక్కింది. బోర్డు దగ్గరికి వెళ్లి, రౌండ్స్ వచ్చిన దగ్గర్నుంచి డాక్టరు కాలు ముట్టుకునే వరకు పట్టిన సమయం రాసింది. నలభై సెకన్లు.

నేను ఆ అంకెను చూస్తూ కూర్చున్నాను. ఎటునుంచి ఎటు చూసినా నలభయ్యే.

చివర్లో గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరూ చెబుతూ వచ్చారు. నా వంతు వచ్చింది. "ఏమీ లేదు" కోసం అందరూ సిద్ధంగా ఉన్నారు.

"నా భార్య ఈ ఆసుపత్రిలోనే పోయింది," అన్నాను. "ఇప్పుడు మీరు చేసింది ఆవిడ నాలుగో రోజు. ఆ రోజు ఒక విద్యార్థిని చెప్పబోయింది. నేను వద్దని తల ఊపాను. తర్వాత అందరూ రిజిస్టర్లు తిరగేశారు. ఈ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. నేను ఊపకుండా ఉండాల్సింది."

నిచ్చెన తన చేతులు చూసుకుంటున్నాడు. ఆ విద్యార్థిని ఎవరో సిస్టర్‌కి అర్థమైంది. ఆవిడ అమ్మాయి వంతు వచ్చినా అడగకుండా పక్కవాళ్ల దగ్గరికి వెళ్లబోయింది.

"నా వంతు సిస్టర్," అంది మా అమ్మాయి. ఒడిలో చేతులు బిగించుకుని, "మా నాన్న తల ఊపినా చెప్పాల్సింది," అంది.

*

బస్సు ఖాళీగా ఉంది. ఎప్పటిలా ఆమె ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. రెండు స్టాపులు దాటాక లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతున్నాయి.

"ఆ రోజు చెప్పి ఉంటే అమ్మ బతికేదా నాన్నా?"

బతికేది కాదేమో అంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. బతికేదంటే నాకు శిక్ష పడినట్టయ్యేది. రెండూ నాకు తెలిసినవి కావు.

"తెలియదమ్మా."

తల ఊపింది. సంచీ ఒళ్లో పెట్టుకుని పట్టీ చుడుతూ విప్పుతూ ఉంది. కాగితం అందులోనే ఉంది. దాని గురించి నేను అడగలేదు.

మా స్టాపు ఇంకా దూరం ఉండగా ఆమె చూపు కిందికి వెళ్లింది.

"నాన్నా, మీ పాదాలేమిటి అలా ఉన్నాయి?"

"ఏం లే—" అనబోయాను. నా భార్య గొంతు నా నోట్లోంచి రాబోయినట్టయింది. ఆగాను.

"వాచాయి," అన్నాను. "నెల రోజులుగా. సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు."

ఆమె సంచీ నా చేతికిచ్చి, బస్సు కుదుపుల్లో సీట్ల మధ్య గొంతు కూర్చుంది. నా చీలమండ పైన బొటనవేలితో నొక్కి, లోపల లెక్కపెట్టుకుని, వేలు తీసింది. అక్కడ చిన్న గుంట పడింది. అది పూడే దాకా ఇద్దరం చూశాం.

"రేపు పొద్దున డాక్టర్‌కి చెప్తాను," అంది, తలెత్తి నా మొహంలోకి చూస్తూ.

"చెప్పు," అన్నాను.